కొండ భుజం మీద టవరు

ఇది నడిసముద్రంలో గడిచిన ఒక రాత్రి గురించిన మహాగాథ. ఇందులో పగడపు దిబ్బలున్నాయి. వాటి మీద తెల్లగా విరిగే అలలున్నాయి. యాభై ఏళ్ళుగా ఆ నీళ్ళ మీదే బోటు నడిపి బతికిన సరంగు ఉన్నాడు. ఒక్క మాట మీద నలుగురి ప్రాణాలు నిలబడ్డ పది నిమిషాలున్నాయి.

ఇంతవరకూ రాసి, చాయ్ తాగొచ్చి, మళ్ళీ చదువుకున్నాను. పది నిమిషాలు కాదు, మూడు. ఆ రోజు అలలు కూడా మోకాలెత్తు మించలేదు. మహాగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది మా బోటు సరంగు గురించి. ఆయన్ని అందరూ మామ అనేవాళ్ళు. ఎవరి మామో ఎవరికీ తెలియదు.

పోయిన వారం కొత్త సరంగుతో చేపలకి వెళ్ళాం. కుర్రవాడు, పనిమంతుడు. ఎదురుగా జీపీఎస్ తెర పెట్టుకుని, దాని మీద ఎర్ర చుక్క చూసుకుంటూ బోటు నడుపుతున్నాడు. సాయంత్రం పోర్ట్ బ్లెయిర్ కొండలు నీలంగా మారే వేళకి, ఎవరూ అడక్కుండానే, "టవరు ఇంకా ఎడమ పక్కనే ఉంది మామా" అనేశాను. బోటులో నాకు మామ వరసయ్యేవాడు ఎవడూ లేడు. కొత్త సరంగు తల తిప్పి, "ఏ టవరు భయ్యా?" అన్నాడు.

"ఏం లేదు. అలవాటు," అన్నాను.

మామ పోయి ఎనిమిది నెలలైంది. సముద్రంలో పోలేదు. ఆస్టినాబాద్‌లో తన ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద పడుకుని, నిద్రలో పోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కొంత నిరాశపడ్డారు. "యాభై ఏళ్ళు తుఫాన్లలో తిరిగినవాడు మంచం మీద పోవడమేమిటి," అన్నాడొకాయన, ఏదో మోసం జరిగినట్టు. మామ ఉంటే, ముందా ఫ్యాను కట్టెయ్యండి, జలుబు చేస్తుంది అనేవాడు.

నేనెవరో కూడా చెప్పాలి. పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో మా నాన్న పెట్టిన హార్డ్‌వేర్ షాపు నడుపుతాను. మేకులు, పైపులు, ఒక అరలో గేలాలు, నైలాన్ తాళ్ళు. గేలాలు అమ్మేవాడికి చేపలు పట్టడం వచ్చి ఉంటుందని జనం నమ్మకం. తాళాలు అమ్మేవాణ్ణి దొంగతనానికి ఎవరూ పిలవరు గానీ నన్ను మాత్రం చేపలకి పిలిచారు. పిలిచింది బోటు ఓనరు. రోడ్లు, కల్వర్టులు కట్టించే కాంట్రాక్టరు. ఆయనకి తోడు బ్యాంకులో పనిచేసే బెంగాలీ దాదా. ఇద్దరూ పాతికేళ్ళుగా రీఫుల మీద, అంటే పగడపు దిబ్బల మీద, రాత్రిళ్ళు గడిపినవాళ్ళు. వాళ్ళ రాడ్లకి విడిగా సంచులుంటాయి, ఆ సంచులకి వేరే సంచులుంటాయి.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. మధ్యాహ్నం జెట్టీ దగ్గర బయలుదేరి, పొద్దు వాలేలోగా రీఫ్ అంచుకి చేరాలి. లంగరు దిబ్బ మీద పడితే ఇరుక్కుంటుంది, దూరంగా పడితే చేపలు దొరకవు. దిబ్బ పక్కనే ఇసుక చూసి వెయ్యాలి. ఇక తెల్లారేదాకా తాళ్ళు వదులుకుని కూర్చోవడమే.

నీళ్ళ కింద ఉన్న ఆ చోటు మామకి ఎలా తెలిసేదంటే, ఒడ్డు మీద గుర్తులతో. కొండకి ఒక పక్క భుజంలాంటి వంపుంది. దాని మీదికి టవరు రావాలి. అది ఒక గీత. ఇటు చూస్తే, ఒంటరి రాయి ఒకటి దీవి కొసకి తగలాలి. అది ఇంకో గీత. రెండు గీతలూ కలిసిన చోట ఇంజన్ ఆపేస్తే కింద రీఫ్ ఉంటుంది.

జీపీఎస్ లేక కాదు. కాంట్రాక్టరు మంచిదే కొనిపెట్టాడు. మామ దాని మీద తన తువ్వాలు ఆరేసేవాడు. దాదా దీని గురించి బ్యాంకులో అందరికీ చెప్పాడు. "అస్లీ నావికుడికి మెషీన్ అక్కర్లేదు," అని. నేను తువ్వాలు ఆరడానికి బోటులో ఇంకో చోటు లేదేమో అనుకున్నాను. ఇద్దరిదీ తప్పే.

నా మొదటి ట్రిప్పులోనే మామ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతకుముందు ఆ చోటు ఆయన బావమరిదిది. బోటులో వంట అతనే చేసేవాడు. మోకాళ్ళ నొప్పులొచ్చి శ్రీకాకుళం వెళ్ళిపోయాడు.

"కళ్ళు బాగున్నాయేటి నీకు?" అన్నాడు మామ.

"బాగానే ఉన్నాయి."

"అయితే సెప్పు. టవరు కనబడతందా?"

కొండ మీద ఎరుపు తెలుపు చారల టవరు ఒకటి బడిపిల్లాడిలా నిటారుగా నిలబడి ఉంది. "కనబడుతోంది."

"బుజానికి ఎంత దూరంలో ఉన్నాది?"

"జానెడు. ఎడమ పక్క."

"జానెడంటే నీ జానెడా, నా జానెడా? సెయ్యి సాసి కొలిసి సెప్పు. ఊరికే నోటికొచ్చింది సెప్తే నేను నోటికొచ్చింది నడుపుతాను."

అలా ప్రతి ట్రిప్పులోనూ నాకు పరీక్ష. రాయి దీవికి తగిలిందా, మధ్యలో నీళ్ళు కనిపిస్తున్నాయా, ఎన్ని వేళ్ళ సందు. సరిగ్గా చెబితే ఏమీ అనడు. ఆలస్యమైతే మాత్రం, "నిద్రోతన్నావేటి బావూ, పక్క ఎయ్యమంటావా?" అంటాడు. కాంట్రాక్టరుకి ఇది ముచ్చటగా ఉండేది. "మామ నీకు విద్య నేర్పుతున్నాడ్రా. అందరికీ దొరికే అదృష్టం కాదిది," అనేవాడు. ఇంజనీరింగులో మూడు సబ్జెక్టులు మిగుల్చుకొచ్చిన నాకు అదృష్టం మళ్ళీ పరీక్షల రూపంలోనే రావడం గిట్టలేదు.

ఇంజన్ ఆపాక మామ ఇంకో పని చేసేవాడు. అరకిలో సీసం గుండు, దాని అడుగున చిన్న గుంట. ఆ గుంటలో బట్టల సబ్బు ముక్క మెదిపి పెట్టి, తాడు కట్టి కిందికి వదిలేవాడు. పైకి లాగితే సబ్బుకి అంటుకుని అడుగున ఉన్నదేదో వచ్చేది. ఇసుకో, పగడపు నలుసులో. దాన్ని వేలితో రుద్ది, నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు మిగతా ఇద్దరూ మాట్లాడ్డం మానేసేవాళ్ళు. నేనూ ఒకసారి నాకి చూశాను. నాకు సబ్బే తగిలింది.

నా మొదటి ట్రిప్పులో మామ అలా నాకి, "నేల మారిపోనాది," అన్నాడు. "ఇక్కడ సన్నిసక ఉండాల. ఇదేటి, గరుగ్గా ఉన్నాది."

కాంట్రాక్టరు తలాడించాడు. "భూతాపం. సముద్రాలన్నీ మారిపోతున్నాయి."

దాదా కూడా తలాడించాడు. చేపలు మాత్రం బాగానే పడ్డాయి. ఎర్ర స్నాపర్లు, రెండు గ్రూపర్లు. మామ రాడ్డు వాడడు. బొటనవేలి మీంచి తాడు వదిలి కూర్చుంటాడు. చేప పైకి రాగానే దాని వీపు మీద ఒకసారి చెయ్యి రాసి పేరు చెప్పేవాడు, చూడకుండానే. దాన్ని గురించి కూడా దాదా బ్యాంకులో చెప్పాడు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ మామ సబ్బు నాకి నేల మారిందనేవాడు, కాంట్రాక్టరు భూతాపం అనేవాడు, చేపలు పడేవి.

ఏడాదయ్యాక ఒకరోజు కాంట్రాక్టరు మా షాపుకి వచ్చాడు. మేకులకి కాదు.

"ఈ సీజన్ నుంచి సరంగుకి ఫిట్‌నెస్ కాగితం కావాలంటున్నార్రా. కళ్ళు, బీపీ, అన్నీ. మామని అడిగితే వర్షాలయ్యాక అంటాడు. వర్షాలయ్యాయి. నువ్వైనా తీసుకెళ్ళు, నీ మాట వింటాడు."

"నా మాట వినడు. నా చేత చెప్పించుకుంటాడు."

"మజాక్ కాదు. కాగితం రాకపోతే కొత్తవాణ్ణి పెట్టాలి. నాకేమన్నా సరదానా? రేపేదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

ఆ సంగతి మామకి చెప్పాను. "సూద్దాం," అన్నాడు. చూడ్డమన్న మాట ఆయనకి ఎంత దూరమో అప్పటికి నాకు తెలియదు.

ఆ శనివారమే ట్రిప్పు. సాయంత్రం, గాలి లేదు, సముద్రం పళ్ళెంలో పోసినట్టుంది. దాదా పడుకున్నాడు. కాంట్రాక్టరు ముందు భాగంలో మాకు వీపు పెట్టి గేలాలు కట్టుకుంటున్నాడు. మామ చుక్కాని దగ్గర, నేను పక్కన.

"టవరు ఎక్కడున్నాది?"

ఎడమ పక్కనే ఉంది, జానెడు దూరంలో. అంత పెద్దది, చారలతో సహా. గుడ్డివాడికి కూడా కనబడుతుంది, మళ్ళీ నన్నెందుకు అడగడం అనుకున్నాను. ఒక్కసారైనా తప్పు చెప్పి తిట్టించుకుందాం, కాలక్షేపంగా ఉంటుందనిపించింది.

"భుజం దాటిపోయింది మామా. కుడి పక్కకి వచ్చేసింది."

తిట్టు కోసం నవ్వు సిద్ధం చేసుకున్నాను. తిట్టు రాలేదు. "దాటీసిందా? అంత బేగినా?" అని మామ చుక్కాని తిప్పాడు. బోటు తిరిగింది. ఎదురుగా, ఫర్లాంగు దూరంలో, నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. దిబ్బ పైకి తేలిన చోటు అది. మామ దాని వైపే చూస్తూ, దాని మీదికే, తీరిగ్గా నడుపుతున్నాడు.

నా నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తీసెయ్యడం మర్చిపోయాను. ఆయన కళ్ళలోకి చూశాను. నల్లగుడ్డు మధ్యలో పలచగా మజ్జిగ పోసినట్టుంది. ఏడాదిగా పక్కన కూర్చుంటున్నాను, గుర్తులన్నీ చూశాను గానీ అది చూడలేదు.

దగ్గరికి జరిగి, చెవిలో చెప్పాను. "మామా, తప్పు చెప్పాను. టవరు ఎడమ పక్కే. ముందు తెల్ల నీళ్ళున్నాయి."

ఆయన చుక్కాని మెల్లగా వెనక్కి తిప్పాడు, ఎవరికీ కుదుపు తెలియనంత మెల్లగా. ముందు నుంచి కాంట్రాక్టరు తిరక్కుండానే, "ఏంటి మామా, ఇటు అటు తిప్పుతున్నావు?" అన్నాడు.

"నీటి కరెంటు లాగుతన్నాది బాబూ. వాలు సూసి ఎల్తన్నాను."

కొంతసేపయ్యాక, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "నాకు తెల్సు. ఎంతసేపటికి సెప్తావో సూత్తన్నాను."

"అవును," అన్నాను.

ఆ రాత్రి చేపలు బాగా పడ్డాయని వాళ్ళిద్దరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. దాదాకి ఏడు కిలోల గ్రూపర్ పడింది. ఇప్పుడది పన్నెండు కిలోలకి పెరిగింది, చచ్చాక కూడా ఎదిగే జాతేమో. నేను తాడు వదిలి మామ పక్కన కూర్చున్నాను. పాలు లేని లాల్ చాయ్ పోసి గ్లాసు ఆయన చేతిలో పెట్టాను. ఎప్పుడూ చేతిలోనే పెట్టించుకునేవాడని అప్పుడే తట్టింది.

"ఎన్నాళ్ళయింది మామా?"

"ఏటి ఎన్నాళ్ళు?"

"కళ్ళు."

"కళ్ళకేటయింది? ఇంజన్ పొగ. ఈ ఇంజన్ పొగ బాగా ఎక్కువైపోనాది."

ఇంజన్ ఆపి రెండు గంటలైంది.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఎల్తే ఆయనేటి సేత్తాడు? కాగితం రాత్తాడు. నీళ్ళ మీద ఎండ యాభై ఏళ్ళు సూసినాను, కాలిపోనాయి అని రాత్తాడు. ఆ కాగితం ఓనరు బాబు సదువుతాడు. తరవాత సౌల్దారీ."

చౌల్దారీలో ఆయన తమ్ముడికి అరటి తోట ఉంది.

"తోటలో కూకోబెడతారు నన్ను. పొద్దల్లా అరిటి సెట్లు సూత్తా ఉండాల. అయ్యి కదలవు." చాయ్ ఒక గుక్క తాగాడు. "ఇక్కడ నేను నేకపోతే ఈల్లకి దారి తెల్దు. నాకక్కడ దారే అక్కర్నేదు."

ఇలాంటి చోట జోకు వెయ్యడం నా వృత్తిధర్మం. ఈసారి బెదిరింపుకి దిగాను.

"రాకపోతే ఓనరుకి చెప్పేస్తాను."

"సెప్పు."

"చెప్పను."

"తెల్సు."

తాడు రెండుసార్లు లాగింది, వదిలింది. ఎర పోయింది. కొత్త ఎర గుచ్చుతూ అప్పుడు అన్నాను: "ఓనరుకి చెప్పను గానీ, నీకు కూడా చెప్పను. రేపటి నుంచి టవరు ఎక్కడుందని అడుగు, పొగ అంటాను. రాయి తగిలిందా అని అడుగు, పొగ అంటాను."

మామ తన తాడు పైకి లాగి, ఎర తడిమి చూసి, మళ్ళీ వదిలాడు. ముందు భాగంలో దాదా తన చేప పొడవు చేతులతో కాంట్రాక్టరుకి చూపిస్తున్నాడు. చేప ఎదురుగానే పడి ఉంది.

"సోమారం ఎల్దాం," అన్నాడు మామ.

సోమవారం వెళ్ళాం. తువ్వాలు కూడా తెచ్చుకున్నాడు. కళ్ళ డాక్టరమ్మ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురు గోడ మీద బోర్డు చూపించింది. చదువు రానివాళ్ళకి పెట్టే బోర్డు. మూడు కాళ్ళ గుర్తులు, కొన్ని పైకి, కొన్ని పక్కకి.

"ఇస్ కా పైర్ కిధర్ హై, బాబా?" అంది. దీని కాళ్ళు ఎటున్నాయని.

మామ బోర్డు వైపు గంభీరంగా చూసి, నా వైపు తిరిగి, "సెప్పు," అన్నాడు.

నేను నోరు తెరిచాను కూడా. డాక్టరమ్మ నన్ను బయటికి పంపేసింది.

తర్వాత లోపలికి పిలిచి చెప్పింది. ఎండ కాదు, కాలిపోవడం కాదు, శుక్లాలు. రెండు కళ్ళకీ, నాలుగేళ్ళుగా ముదురుతున్నవి. ఒక్కో కంటికి ఇరవై నిమిషాల పని. మామ ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. బయట బెంచీ మీద కూర్చుని, "ఇరవై నిమిసాలా," అన్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ అన్నాడు. నాలుగేళ్ళు దాచుకున్నది ఇరవై నిమిషాలదని తెలిస్తే ఎవరికైనా కొంత అవమానంగానే ఉంటుంది.

నెల వ్యవధిలో రెండు కళ్ళూ అయ్యాయి. కాంట్రాక్టరుకి చౌల్దారీలో తమ్ముడి తోట పని అని చెప్పాడు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని నిజంగానే ఆ తోటలో కూర్చున్నాడు. నేను చూడ్డానికి వెళ్తే, "సూడు, పొద్దుట్నించీ ఒక్క సెట్టూ కదల్నేదు," అన్నాడు. ఫిట్‌నెస్ కాగితం వచ్చింది. కాంట్రాక్టరు దాన్ని చదవకుండా ఫైల్లో పెట్టాడు.

తర్వాతి ట్రిప్పు. మామ కళ్ళజోడు తీసి చుట్టూ చూశాడు. ముందు జీపీఎస్ మీద తువ్వాలు చూశాడు. "ఇంత మురికిగా ఉన్నాదేటి ఇది? సెప్పొద్దా?" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"నల్లగున్నావే."

"ఎలా ఉంటాననుకున్నావు?"

"గొంతిని కొంచెం తెల్లగుంటావనుకున్నాను."

దాదా, కాంట్రాక్టరు ముందు కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. మామ నన్నేమీ అడగలేదు. తనే కొండ వైపు చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని, గొంతు తగ్గించాడు.

"నువ్వు సెప్పే టవరు ఏదిరా?"

"అదుగో. చారలది."

"సారల్దా?" మామ కళ్ళు చిట్లించాడు, అలవాటుగా. "నా టవరుకి సారల్నేవు. నాది దాని కుడి పక్క, కురసగా, తుప్పట్టి... అదుగో, సెట్లలో మునిగిపోయింది. అది. ఈ సారల్ది ఎప్పుడు కట్టారు?"

"నాలుగేళ్ళవుతుంది."

"నాలుగేళ్ళా," అన్నాడు. ఊళ్ళో ఉంటూ, అంత ఎత్తుది, ఆయనకి తెలియకుండా కట్టేశారు.

నేను లెక్క వేసుకున్నాను. నేను చెప్పడం మొదలుపెట్టిన రోజు నుంచి, ఏడాదికి పైగా, మేం లంగరు వేసింది ఆయన రీఫ్ దగ్గర కాదు. నా టవరు ప్రకారం వచ్చిన వేరే ఏదో చోట. ఎవరికీ తెలియని, ఎవరూ వెతకని చోట. మామ కూడా అక్కడికే వచ్చినట్టున్నాడు.

"అయితే నేల మారనేదన్నమాట," అన్నాడు.

"ఏంటి మామా?" ముందు నుంచి కాంట్రాక్టరు.

"ఏటీ నేదు బాబూ. పొగ."

ఇంజన్ వేగం తగ్గించాడు. బోటు నెమ్మదించింది. కుడికి తిప్పితే ఆయన రీఫ్. వాళ్ళ నాన్న చూపించింది, బావమరిదికి తెలిసింది, యాభై ఏళ్ళది. నేరుగా వెళ్తే నాది, పొరపాటుగా పుట్టింది.

"ఏది కలపమంటావు?" అన్నాను. ఎప్పుడూ అడిగేది ఆయన. ఈసారి నేనడిగాను.

మామ తుప్పు టవరు వైపు చూశాడు. చారల టవరు వైపు చూశాడు. ముందు కూర్చున్న ఇద్దరినీ చూశాడు. పన్నెండు కిలోల చేప కథ మళ్ళీ మొదలవుతోంది.

"సేపలు నీ దాని కాడ పడతన్నాయి గదా," అన్నాడు. "సారల్దే కలుపుదాం."

ఆ చోటికి వెళ్ళి ఇంజన్ ఆపాడు. సబ్బు పెట్టి సీసం వదిలాడు, లాగాడు, వేలితో రుద్ది నాలిక మీద వేసుకున్నాడు. కాంట్రాక్టరు, దాదా మాటలు ఆపి ఎదురుచూశారు. మామ ఈసారి కళ్ళు మూసుకోలేదు. నా వైపు చూసి, "సబ్బు," అన్నాడు.

ఆ తర్వాత పోయేదాకా అక్కడికే వెళ్ళాం. ఇప్పుడా చోటు కొత్త సరంగు జీపీఎస్‌లో ఎర్ర చుక్క. లోతు ముప్పై ఎనిమిది మీటర్లు, అడుగున గరుకు ఇసుక. అరకిలో సీసం సరిపోతుంది.